పసుపు తొక్కని పరుగు

రోడ్డు మీద ఉరకడానికి పైసలు కట్టాలని నాకు అరవై నాలుగేళ్ళు వచ్చేదాకా తెలియదు. రోడ్డు సర్కారు వేసింది. కాళ్ళు దేవుడిచ్చాడు. ఊపిరి నాది. మధ్యలో మూడు వందల యాభై రూపాయలు ఎవరికి, ఎందుకు? ఈ మాట ఆర్మూర్‌లో ముగ్గురిని అడిగాను. ఇద్దరు నవ్వారు. మూడో అతను "టీషర్టు ఇస్తున్నం గదమ్మా" అన్నాడు. నా జన్మలో వేసుకోని బట్టకు నా చేతనే పైసలు కట్టించి, పైగా ఇచ్చామని చెప్పుకోవడం ఏ ఊరి పద్ధతి?

నేను మూడో తరగతి దాకా చదువుకున్నాను. ఇది నా చేతి రాతే. ఒత్తులూ దీర్ఘాలూ మా మనవరాలు సరిచేసింది, మాటలు మాత్రం మార్చనివ్వలేదు. మా కమ్మర్‌పల్లి దిక్కు ఆడవాళ్ళు, నా ఈడు వాళ్ళు, వచ్చే చలికాలం ఆ పరుగుకు పోదామనుకుంటే ముందు ఇది చదవాలి. ఆర్మూర్ మనకు కొత్త కాదు. దవాఖానకు పోతాం, పెండ్లి బట్టలకు పోతాం. కానీ ఉరకడానికి పోయినప్పుడు కనిపించే ఆర్మూర్ వేరు.

కాలువ గట్టు

ఈ ప్రయాణం నాకు పుట్టిన ఆలోచన కాదు. మా వెనుక ఇంటి గంగామణికీ కాదు. ఆమె కొడుకు నరేశ్ నోటి నుంచి ఊడిపడింది.

గంగామణికి అరవై ఒకటి. పెనిమిటి పోయి చాలా ఏండ్లయింది. రెండెకరాల పసుపు చేను ఆమె చేతి మీదే నడుస్తుంది. మొన్న వానాకాలం చేను ఒడ్డు మీద జారిపడి మోచేయి విరిగింది. నెలన్నర కట్టుతో ఉంది. అప్పటి నుంచి నరేశ్ ఒకటే పాట. పిల్లవాడు చెడ్డవాడు కాదు. ఊళ్ళో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు, తల్లికి వేళకు మందులు తెస్తాడు. కానీ భయపడ్డవాళ్ళు కూడా పెత్తనం చేస్తారు. ఒకరోజు నా ముందరే అన్నాడు:

"అమ్మా, నీతోని గాదే. ఉగాదికి చేను కౌలుకిద్దాం. అడిగేటోళ్ళు ఉన్నరు."

"నాతోని గాదని ఎవడు చెప్పిండు?"

నరేశ్ ఫోన్ తిప్పి చూపించాడు. ఆర్మూర్‌లో చలికాలం పరుగు, అయిదు కిలోమీటర్లు. "గిది ఉరుకు. యాభై నిమిషాలల్ల గీత దాటినట్టు కాగితం తే. వచ్చే ఏడు చేను నువ్వే చేసుకో. నేను నోరెత్త."

తల్లి నోరు మూయించడానికి అన్నాడు. గంగామణి చేతిలోని చేట కింద పెట్టి, "రాయి నా పేరు" అంది.

నాకు ఒళ్ళు మండింది. నలభై ఏండ్లు చేను చేసిన మనిషి, నాకు చేను చేయవస్తుందని రోడ్డు మీద ఉరికి చూపించాలా? ఎద్దును కొనేటప్పుడు కూడా ఇంత పరీక్ష పెట్టరు. ఆ మాటే గంగామణితో అన్నాను. "పెట్టనీ రాజక్క, నేను ఉరుకుత" అంది. అతుకు పడ్డ చేయితో ఒక్కతే చీకట్లో కాలువ గట్టు మీద ఉరుకుతుంటే నేను దుప్పటి కప్పుకుని పడుకోవడమెట్లా? నేనూ పోయాను. బీడీలు చుట్టే పోసాని, కూర్చుని కూర్చుని కాళ్ళు కట్టెలవుతున్నాయని మాతో కలిసింది. అట్లా ముగ్గురమయ్యాం.

చీర ఎగ్గట్టి ఉరుకుతుంటే పాలు పోయడానికి పోయే మొగవాళ్ళకు మేము వినోదం. ఒకడు సైకిల్ ఆపి మరీ అరిచాడు. "ఏ అవ్వ! దొంగ ఎటు వోయిండే?"

పోసాని ఆగకుండానే జవాబిచ్చింది. "మీ ఇంట్లనే జొర్రిండు, పోయి సూసుకో!"

మోటారు సైకిల్ మీటరు చూసి పంపుహౌసు దాకా పోయి వస్తే అయిదు కిలోమీటర్లని తేల్చుకున్నాం. మొదట గంట దాటింది. నెల తిరిగేసరికి నలభై ఎనిమిది నిమిషాలకు వచ్చాం. బూట్లు కొనుక్కోమని నరేశ్ అన్నాడు. దుకాణంలో అడిగితే పన్నెండు వందలు. ఆ పైసలకు నాకు ఆరేండ్లు చెప్పులు వస్తాయి. పాత చీర అంచు చింపి, చెప్పులు ఊడకుండా మడమ వెనుక నుంచి కట్టుకున్నాం. ఖర్చు లేదు.

ఆర్మూర్ బస్సు

పరుగుకు ముందు రోజు పొద్దున్నే బయలుదేరాం. ఆడవాళ్ళకు బస్సులో టికెట్ పైసలు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఈ మొత్తం ప్రయాణంలో నాకు కోపం రాని చోటు అదొక్కటే. అదీ కండక్టర్ నోరు తెరిచేదాకా.

"ముగ్గురు ఏ పెండ్లికి అవ్వా?"

"పెండ్లికి గాదు. ఉరుకనీకె" అంది గంగామణి.

"ఎవల నుంచి?"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. "నీ అసొంటోళ్ళ నుంచి" అన్నాను. అప్పుడు ఇంకా నవ్వారు. పక్క సీటు ఆవిడ మాత్రం నవ్వు ఆపుకుని, కొంగులోంచి దోసెడు రేగుపండ్లు తీసి మా ఒళ్ళో పోసింది. ఎవరో తెలియదు, ఏ ఊరో చెప్పలేదు. వేల్పూర్‌లో దిగిపోయింది.

దారి పొడుగునా రెండు దిక్కులా పసుపు చేలు. ఆకు పండి ఒరిగిపోతోంది. ఇంకో నెలకు తవ్వకాలు. గంగామణి కిటికీలోంచి మెడ తీయలేదు. "గీ చేనుకు నీళ్ళెక్కువైనయి" అంటుంది, "గా చేను విత్తనం వేసుడు ఆలస్యమైంది" అంటుంది. బస్సు పోతున్న ఊపులో ఎవరి చేను ఎట్లా ఉందో చెప్పే మనిషికి చేను చేతగాదట!

ఆర్మూర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో నంబర్ చీటీలు ఇస్తున్నారు. మెడలో కార్డు వేసుకున్న పిల్ల ఒకతె బల్ల వెనుక కూర్చుంది.

"ఏజ్ ఎంత ఆంటీ?"

చెప్పాం.

"మీకు వాక్ రాయనా? రెండు కిలోమీటర్లే. మెల్లగ నడవొచ్చు."

"నడుచుడు మా ఊర్లనే ఉన్నది బిడ్డా. గిక్కడికి ఉరకనీకె వచ్చినం" అన్నాను.

"అరవై దాటినోళ్ళకు పరుగుల బహుమతి ఏం లేదాంటీ. అందరితోని కలిసి ఉరకాలె."

పైసలు తీసుకునేటప్పుడు మా వయసు అడ్డం రాలేదు. బహుమతి దగ్గరికి వచ్చేసరికి అరవై దాటిన మనుషులే లేరన్న లెక్క. నేను ఆ మాట ఎత్తబోతుంటే గంగామణి నా చేయి పట్టుకుని తాను ముందుకు వచ్చింది.

"బహుమతి వద్దు బిడ్డా. నిమిషాలు రాసి కాగితం ఇస్తరా?"

"ఇస్తమాంటీ. గీ నంబర్ వెనుక చిప్ ఉంటది. గీత కాడ నల్లటి మ్యాట్ ఏస్తం. దాని మీది నుంచి పోతే మిషన్ టైం రాసుకుంటది. అప్పటికప్పుడే కాగితం వస్తది."

"మ్యాట్ మీది నుంచి పోవాలె."

"అవ్ ఆంటీ."

"పోతేనే రాసుకుంటది."

"అవ్."

గంగామణి ఇంకోసారి కూడా అడిగింది. మంత్రం నేర్చుకున్నట్టు నేర్చుకుంది.

ఇచ్చిన టీషర్టులో మా ముగ్గురం ఒకేసారి పట్టేవాళ్ళం. చిన్నవి అయిపోయాయట. సంచిలో ఒక షాంపూ పొట్లం, ఒక బిస్కెట్ ప్యాకెట్టు, ఏదో దంతాల డాక్టరు కాగితం ఉన్నాయి. సంచి మీద పెద్ద పసుపు కొమ్ము బొమ్మ వేసి, పసుపు పట్నం పరుగు అని రాశారు. లోపల వెతికాను. చిటికెడు పసుపు లేదు. మా పంట బొమ్మ కావాలి, మా పంట వద్దు.

పెర్కిట్

ఆ పొద్దు పెర్కిట్‌లో పోసాని చెల్లెలి బిడ్డ సుజాత ఇంట్లో ఉన్నాం. ఆర్మూర్‌కు ఆనుకునే ఉంటుంది. రెండు అర్రల ఇల్లు, ముందర రేకుల నీడ. సుజాత, ఆమె అత్త, ఇద్దరూ చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూనే మాట్లాడతారు. చేతులు ఆగవు. పోసాని కూడా పోయిన పది నిమిషాలకే ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. "చుట్టంగ వచ్చినవ్ గదనే" అని నేనంటే, "ఊకె కూసుంటె చేతులు దురద వెడతయి" అంది.

పట్నం పద్ధతులు కొన్ని నాకు మింగుడుపడలేదు. వాళ్ళు నీళ్ళు క్యానులో కొంటారు. కూర కూడా ప్లాస్టిక్ సంచిలో కొనుక్కొచ్చుకునే ఇండ్లు ఆ గల్లీలో సగం. చుట్టాలొచ్చారని సుజాత అంకాపూర్ నుంచి నాటుకోడి కూర తెప్పిస్తానంది. ధర విని నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఆ పైసలకు మా ఊళ్ళో కోడి, దాని పిల్లలు, గంప కలిసి వస్తాయి. జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం చేయించాను. పచ్చిపులుసులో వాళ్ళు బెల్లం వేస్తారు. మేము వేయం. అది కూడా చెప్పాను.

సుజాత అత్త బీడీకి దారం చుడుతూ అడిగింది. "గింత దూరమొచ్చి ఉరుకుతుండ్రు. గెలిస్తె ఏమిస్తరు?"

"కాగితం" అంది పోసాని.

"ఒట్టి కాగితానికా?"

గంగామణి రొట్టె తుంచడం ఆపింది. పళ్ళాలు కడిగేటప్పుడు నా పక్కన కూర్చుని, నావైపు చూడకుండా అంది. "రాజక్క, చేను వోతే నేను పొద్దున లేచి ఎటు వోవాలె?"

ఊరికే "పళ్ళెం గట్టిగ రుద్దు, కారం పోలే" అన్నాను.

మార్కెట్ ముందర

తెల్లవారకముందే ఆటోలో మార్కెట్ రోడ్డుకు చేరాం. చలికి నోట్లోంచి పొగ. సిద్ధుల గుట్ట మీద మంచు దిగలేదు. అక్కడ చూస్తే తిరునాళ్ళు. మైకులో ఒకాయన సగం ఇంగ్లీషు, సగం అరుపు. మంచె మీద ఇద్దరు ఆడపిల్లలు పాటకు ఎగురుతుంటే కింద వందల మంది వాళ్ళను చూసి ఎగురుతున్నారు. ఒళ్ళు వేడెక్కడానికట. ఉరకడానికి వచ్చినవాళ్ళు ఉరకకముందే అలసిపోవడం ఏమిటి? మా ఊళ్ళో పసుపు తవ్వడానికి పోయే ముందు ఎవరూ గంట సేపు గెంతులు వేయరు.

సగం తాగిన నీళ్ళ బాటిళ్ళు కాళ్ళ కింద దొర్లుతున్నాయి. ఒక పిలగాడు అరటిపండు రెండు కొరుకులు కొరికి పారేశాడు. నేను పిలిచి, ఎత్తి తినమన్నాను. వాడు చెవుల్లో వైర్లు పెట్టుకున్నాడు, వినలేదు. లేదా విన్నాడు.

టీషర్టు వేసుకోకపోతే ఫోటోలో బాగుండదని మెడలో కార్డు పిల్ల వెంటపడింది. జాకెట్టు మీద, కొంగు మీద తొడుక్కుని, చీర ఎగ్గట్టి, నంబర్ చీటీలు పిన్నీసులతో గుచ్చుకుని నిలబడ్డాం. మైకు ఆయన మమ్మల్ని చూసి, "అమ్మమ్మలు కూడా వచ్చిండ్రు, చప్పట్లు!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇంకా ఒక్క అడుగు వేయలేదు, దేనికి చప్పట్లు? నిలబడినందుకా?

అయిదు కిలోమీటర్లు

టపాకాయ పేలింది. అందరూ మా మీది నుంచి పోయినట్టే పోయారు. మేము మా కాలువ గట్టు అడుగే వేశాం. గంగామణి ముందర, నేను వెనుక, పోసాని నా వెనుక. ఊళ్ళో పసుపు ఏరేటప్పుడు వరుస పట్టుకున్నట్టు.

మొదటి కిలోమీటరు దాటేసరికి ముందు గుర్రాల్లాగా పోయినవాళ్ళు కొందరు నడుం పట్టుకుని నడుస్తున్నారు. ఒక బొర్ర పొట్ట సార్, కొత్త బూట్లు, చేతికి గడియారం, మాతో పాటు కొంతసేపు ఉరికాడు.

"అమ్మా, మీకు కోచ్ ఎవలు?"

"పంపుహౌస్" అంది పోసాని. ఆయన అదేదో సంస్థ పేరనుకుని తల ఊపాడు.

పెర్కిట్ దగ్గర తిరిగే చోట సుజాత, ఆమె అత్త చేటలతో సహా వచ్చి నిలబడ్డారు. "ఉరుకు పెద్దమ్మా!" అని అరిచింది సుజాత. చాయ్ బండి ఆయన గ్లాసు ముందుకు చాపాడు. పోసాని చేయి దానివైపు పోయింది. "ఇరవై రూపాయలు" అన్నాడు. చేయి వెనక్కి వచ్చింది.

తిరిగాక పోసాని చెప్పు పట్టీ తెగింది. నా నంబర్ చీటీకి ఉన్న నాలుగు పిన్నీసుల్లో ఒకటి తీసి ఇచ్చాను. ఆమె వంగి గుచ్చుకునేదాకా గంగామణి ఆగలేదు, ఆగవద్దని నేనే చెప్పాను. తరువాత ఊపిరి పట్టి ఉరికి ఆమెను అందుకున్నాం. నా డొక్కలో కత్తితో పొడిచినట్టుంది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మలుపు తిరిగితే మార్కెట్ ముందర కమాను, దాని మీద ఎర్ర అంకెల గడియారం కనిపించింది. నలభై నాలుగు. గంగామణి ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ ముఖం నేను ఆమె పెండ్లినాడు చూశాను, తరువాత మళ్ళీ ఇప్పుడే.

పసుపు గీత

కమాను ఇంకా పది బారల దూరముందనగా గంగామణి టక్కున నిలబడింది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. పోసాని వచ్చి మా ఇద్దరి వీపులకు గుద్దుకుంది.

కమాను కింద, ఆ నల్లటి మ్యాట్ మీదా, దాని ముందరా వెనుకా, రోడ్డుకు ఈ కొస నుంచి ఆ కొస దాకా పసుపు పోశారు. గీత కాదు, పరుపు. బూట్ల కింద నలిగి, లేచి, గాలిలో కూడా పసుపే. ముందు వచ్చినవాళ్ళంతా దాన్ని తొక్కుకుంటూ పోయి, పచ్చటి బూట్లతో నవ్వుతూ ఫోటోలు దిగుతున్నారు.

పసుపును తొక్కుతారా? చెప్పులతో?

మేము దాన్ని నాటి, కలుపు తీసి, తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టిన చేతుల వాళ్ళం. కల్లంలో కొమ్ము కాలికి తగిలితే వంగి కండ్లకు అద్దుకుంటాం. మా ముగ్గురిలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముగ్గురి కాళ్ళూ ఆగిపోయాయి, అంతే. పక్కకు తిరిగి, కమాను బయటి నుంచి, తాడు కిందుగా దూరి అటు పక్కకు చేరాం.

మెడలో కార్డు పిల్ల ఉరికి వచ్చింది. "ఆంటీ! మ్యాట్ మీది నుంచి రాలే మీరు! టైం రాదు!"

"నీ కండ్ల ముందరే వచ్చినం గద బిడ్డా" అన్నాను.

"నా కండ్లు చెప్తే కాదాంటీ, మిషన్ చెప్పాలె. వాపస్ వోయి దాని మీది నుంచి రండ్రి."

"దాని మీద పసుపున్నది."

"అవ్, మస్తుంది గదా?"

ఈలోగా మైకు ఆయన దిగి వచ్చాడు. "అమ్మా, పసుపు మంచి శకునం. మీకు స్వాగతం అన్నట్టు. గడపకు పసుపు పెట్టి దాటరా మీరు?"

"గడపను దాటుతం. తొక్కం" అన్నాను. "నిన్న మీరిచ్చిన సంచిల షాంపూ వోసిండ్రు, పసుపు లేదు. పసుపేమో రోడ్డు మీద వోసిండ్రు. తలకు పెట్టేది కాళ్ళ కింద, కాళ్ళ కింద పడేసేది సంచిల. ఎవలు నేర్పిండ్రు మీకు?"

"అయితే దాటుండ్రి."

పోసాని ఆ పచ్చటి పరుపును ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. రెండు బారలుంది. "నేనేమన్న జింకనా?" అంది. "దుంకితె మిషన్ మీద కాలు వడదు. గాలిల పోతే రాసుకుంటదా?"

గడియారంలో నలభై అయిదు దాటింది. మైకు ఆయన వాచీ చూసుకుంటూ, "జర అడ్జస్ట్ చేసుకోండ్రమ్మా, ఒక్క అడుగే గద" అన్నాడు. ఒక్క అడుగే! ఆ ఒక్క అడుగు వేస్తే గంగామణికి చేను వస్తుంది. వేయకపోతే పోతుంది. ఇది వాళ్ళకు తెలియదు. తెలిస్తే మాత్రం ఏమనేవాళ్ళు, దాన్ని కూడా మైకులో చెప్పేవాళ్ళు. నేను ఇంకా గట్టిగా తిట్టబోతూ గంగామణి కోసం చూశాను. నా పక్కన లేదు.

ఆమె మళ్ళీ తాడు కింద దూరి, కమాను ముందరికి పోయి, చెప్పులు విడిచింది. టీషర్టు కింది నుంచి కొంగు లాగి ఒడి కట్టుకుంది. నడుం వంచి, రెండు చేతులతో మ్యాట్ మీది పసుపును తన ఒడిలోకి ఎత్తడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఏం చేస్తుండ్రు! అది డెకరేషన్!" మైకు ఆయన అరుపు మైకులోనే వినిపించింది.

నేను పోయాను. పోసాని వచ్చింది. మా పని మాకు తెలుసు. ఒకరు ముందరి నుంచి, ఒకరు వెనుక నుంచి, ఒకరు నడుమ. కల్లం ఊడ్చినట్టు, గింజ మిగలకుండా. వెనుక నుంచి ఉరికి వచ్చేవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. ఒకడు ఏకంగా నా వీపు మీది నుంచి దుంకాడు. ఎవరో ఫోన్‌తో వీడియో తీస్తున్నారు. గంగామణి అతుకు పడ్డ చేయి కూడా ఆగలేదు. ఒక నడివయసు ఆవిడ, ప్యాంటు వేసుకున్న పట్నం ఆవిడే, గీతకు రెండడుగుల ఇవతల ఆగి, మమ్మల్ని చూసి, తల మీది టోపీ తీసి కింద కూర్చుని అందులోకి ఎత్తసాగింది.

ఆ పసుపు పాతది. చేతికి తగలగానే తెలిసింది, పుచ్చు పట్టి వాసన పోయింది. ఏ గోదాములోనో అమ్ముడుపోకుండా ఉన్నది అగ్గువకు తెచ్చి పోశారు. దానికీ ఒక మనిషి నడుం వంచి ఉంటుంది.

మనిషి నడిచేంత దారి తేలేసరికి నలభై తొమ్మిది పడింది. నేను కొంగుతో మ్యాట్ తుడిచాను. గంగామణి లేచింది. ఒడి రెండు చేతులా పట్టుకుని, వట్టి కాళ్ళతో, ఆ నల్లటి దాని మీద కాలు పెట్టింది. మిషన్ కీచుమంది. తరువాత నేను, పోసాని, ఆ టోపీ ఆవిడ.

బల్ల దగ్గర కాగితం వచ్చింది. గంగామణి చదవలేదు, నాకు ఇచ్చింది. మూడు సార్లు చదివి చెప్పాను. నలభై తొమ్మిది నిమిషాల ముప్పై ఏడు సెకన్లు.

"మీరు నలభై అయిదుల రావాల్సినోళ్ళు ఆంటీ" అంది కార్డు పిల్ల. నిజంగానే బాధపడింది పాపం. "పసుపుతోని అయిదు నిమిషాలు వోయినయి."

"మీతోని వోయినయి" అన్నాను.

పోచంపాడ్

మూడు ఒడుల నిండా పసుపు. తొక్కిన పసుపు ఇంటికి పనికిరాదు, నేల మీద పోయరాదు. ఇంటి చుట్టూ చల్లితే చీమలు రావని పోసాని సలహా ఇచ్చింది. ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టిన మాట నిజం, రెండు మూడు కిలోలుంటుంది. కానీ తొక్కకుండా కాపాడి తెచ్చినదాన్ని చీమలకు వేస్తే మాకూ వాళ్ళకూ తేడా ఏమిటి? గోదావరిలో కలపాలని తేల్చాం. మళ్ళీ బస్సెక్కి పోచంపాడ్ పోయాం. ఒడి మూటలు చూసి ఎవరూ జోకులు వేయలేదు. మా ముఖాలు అట్లా ఉన్నాయేమో.

ప్రాజెక్టు దగ్గర చేపల వేపుడు వాసన ఊరంతా కొడుతోంది. పళ్ళెం నూట ఇరవై. సుజాత కట్టిచ్చిన రొట్టెలు రేవు మెట్ల మీద కూర్చుని తిన్నాం. నీళ్ళ పక్కన వల చిక్కు తీస్తున్న పెద్దాయన మా మూటలు విప్పడం చూశాడు.

"ఏడిది పసుపవ్వా?"

"రోడ్డుది" అంది గంగామణి.

"రోడ్ల మీద పసుపు పండవట్టెనా?"

"పోయవట్టిరి తాతా. పరుగు పందెం గీతకు."

ఆయన చేతులు ఆగాయి. ఊరివైపు ముఖం తిప్పి తుపుక్కున ఉమ్మాడు. తరువాత లేచి, మోకాళ్ళ లోతు నీళ్ళలో దారి చూపించి, "గిక్కడ నీళ్ళు వారుతున్నయి, గిక్కడ వదులుండ్రి" అన్నాడు. ఆ ప్రయాణంలో నా కోపాన్ని పూర్తిగా అర్థం చేసుకున్న మనిషి ఆయన ఒక్కడే.

నీళ్ళు కొంచెం దూరం పచ్చగా పోయి, మళ్ళీ మామూలు అయ్యాయి.

ఇంటికి

పొద్దుగూకే వేళకు ఊరు చేరాం. గంగామణి కాగితాన్ని తడవకుండా జాకెట్టులో పెట్టుకుని, దారిలో పదిసార్లు తడుముకుంది. వాకిట్లో నరేశ్ నిలబడి ఉన్నాడు. నేను కూడా ఆమె వెంట లోపలికి పోయాను. సాక్ష్యం కావాల్సి వస్తే చెబుదామని.

వాడు కాగితం అడగలేదు! అంత దూరం పోయి, అన్ని మాటలు పడి తెచ్చిన కాగితం ముఖం కూడా చూడలేదు. చేతిలో ఫోన్ ఉంది. అప్పటికే ఆ వీడియో ఎవరో వాడికి పంపారు. తల్లి కమాను కింద వంగి పసుపు ఎత్తుతోంది, తల మీద ఎర్ర అంకెలు నడుస్తున్నాయి.

"అయిదు కిలోమీటర్లు ఉరికినంక గంత సేపు వంగినవా? నడుం నొయ్యలేదా అమ్మా?"

నేను అనాల్సిన మాట గంగామణే అంది. గొంతు లేపలేదు. "నలభై ఏండ్ల సంది గట్లనే వంగుతున్న. నీ ముందరే వంగిన. గప్పుడు నీకు అవుపడలే. ఫోన్ల వడ్డంక అవుపడ్డనా?"

నరేశ్ తల వంచుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు. తరువాత అడిగాడు.

"అమ్మా, గీసారి తవ్వినంక విత్తనానికి ఎన్ని క్వింటాళ్ళు ఆపాలె?"

గంగామణి ఒడి దులుపుకుంది. చీర మీద ఇంకా పసుపు ఉంది.

"నాకు చెప్తున్నవా, నన్ను అడుగుతున్నవా?"

"అడుగుతున్న."

అప్పుడు గోడవార గద్దె మీద కూర్చుంది. కూర్చుని చెప్పింది.